లెక్కలోకి రాని కార్డు

స్టాంటన్ రేవు
జనవరి 12

డోరా అత్తా,

నువ్వు అల్లి పంపిన చేతితొడుగులు అందాయి. కుడిచేతిది ఎడమచేతిదానికంటే ఒక వేలెడు పొడుగుంది. అల్లేటప్పుడు ఎవరితో పోట్లాడుతున్నావో చెప్పు. అయినా రోజూ వేసుకునే పనికి వెళ్తున్నాను. తెరచాపల గదిలో అందరూ నవ్వుతున్నారు, నా చేతులు మాత్రం వెచ్చగా ఉన్నాయి.

చేతుల సంగతి అడిగావు కాబట్టి చెప్తున్నాను. నెలకోసారి వేసుకునే సూదిమందు బాగా పనిచేస్తోంది. ఈ కీళ్ళవాతం మొదలైనప్పుడు కాఫీ కప్పు ఎత్తలేకపోయానే, ఇప్పుడు పెద్ద ఓడ తెరచాప అంచు మొత్తం ఒక్కదాన్నే కుట్టాను. అరచేతికి తోలుపట్టీ కట్టుకుని, మూడు మడతల గుడ్డలోంచి సూది దింపుతుంటే, ఈ వేళ్ళు నావేనా అనిపించింది.

మందు ఖరీదు గురించి నువ్వు బెంగ పెట్టుకోకు. నెలకి రెండు వేల డాలర్లు, నిజమే. ఏడాదిలో మొదటి నాలుగు వేలు మనం పెట్టుకుంటేగానీ బీమా కదలదు, అదీ నిజమే. కానీ ఆ డబ్బు నా తరఫున మందు కంపెనీ వాళ్ళ సాయం కార్డు కడుతుంది. పోయినేడు ఫిబ్రవరికల్లా నా వంతు తీరిపోయింది. ఆ తర్వాత నెలకి అరవై డాలర్లతో గడిచిపోయింది.

కొత్త ఏడాది కదా, మా పడవల యార్డులో బీమా పద్ధతి ఏదో మార్చారు. జీతాలూ సెలవులూ చూసే ఐవీ అందరికీ ఇటుకంత పుస్తకం పంచింది. తాళ్ళ పని చేసే అమోస్ తన పుస్తకాన్ని గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాడు. ఇన్నేళ్ళలో అలాంటి పుస్తకానికి దొరికిన మంచి ఉపయోగం అదేనని మేమంతా ఒప్పుకున్నాం.

మేలో వస్తాను. నాన్న పడవకి ఎప్పటిలాగే ఇద్దరం కలిసి రంగు వేద్దాం.

నీ లినెట్

*

గ్యానెట్ దీవి
జనవరి 27

లినెట్,

నీ ఉత్తరం పదకొండు రోజులు తీసుకుంది. నేను పోస్టాఫీసులో ఉన్న రోజుల్లో అయితే ఆ పడవవాడి చెవి మెలిపెట్టేదాన్ని. ఇప్పుడున్న పిల్ల, గాలి ఎక్కువగా ఉందండీ అంటుంది. గాలి నిన్న పుట్టిందా?

ఫోను చెయ్యమని మళ్ళీ అడక్కు. అవతల ఎవరు మాట్లాడినా నీళ్ళలో మునిగి మాట్లాడుతున్నట్టే ఉంటుంది నా చెవులకి. పోయినసారి నువ్వు "జలుబు చేసింది" అంటే నేను "జైలు చేసింది" అనుకుని రెండు రోజులు తిండి మానేశాను. నీకు చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

పక్కింటి కెల్విన్ మీ నాన్న పడవ అమ్ముతావా అని మళ్ళీ వచ్చాడు. ఆలోచిస్తానన్నాను. ఊరికే అన్నాను, వాడు తొందరగా వెళ్ళిపోవాలని.

ఆ ఇటుకంత పుస్తకం నాకు పంపు. వాళ్ళు అక్షరాలు ఎంత చిన్నవి వేస్తే అందులో అంత పెద్ద సంగతి ఉంటుంది. నాకేం పనుంది, చదువుతాను.

అత్త
(ఒక వేలెడు పొడుగు కాదు, నువ్వే చెయ్యి తప్పుగా దూర్చి ఉంటావు.)

*

స్టాంటన్ రేవు
ఏప్రిల్ 9

డోరా అత్తకి,

పని ఒత్తిడిగా ఉంది. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు. మందుల షాపులో చిన్న గందరగోళం జరిగింది, సర్దుకుంటుంది. మేలో రావడానికి వీలుపడకపోవచ్చు. రంగు పని కెల్విన్‌తో చేయించుకో. ఆరోగ్యం జాగ్రత్త.

లినెట్ పింక్‌హామ్

*

గ్యానెట్ దీవి
ఏప్రిల్ 18

కుమారి లినెట్ పింక్‌హామ్ గారికి,

మీ ఉత్తరం అందింది. టైపు కొట్టిన ఉత్తరం. కింద పేరు కూడా టైపే. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ దీవికి వచ్చిన ప్రతి కవరూ నా చేతుల మీదుగా వెళ్ళింది. ఇలాంటి ఉత్తరాలు వకీళ్ళ నుంచి వచ్చేవి, తెంచుకుపోయిన మొగుళ్ళ నుంచి వచ్చేవి.

పడవ మాట రాశానని కోపం వచ్చింది, అంతేనా? మీ నాన్న ఆ పడవ చెక్కేటప్పుడు చెక్కలు పట్టుకున్నది నేను. మీ అమ్మ పోయాక నీకు జడలు వేసింది నేను. కోపం వస్తే "అత్తా, నువ్వు మొద్దువి" అని చేత్తో రాయి. పడతాను. కానీ "వీలుపడకపోవచ్చు" అంటూ రాయకు. మన ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు.

థియోడోరా పింక్‌హామ్
(పోస్ట్‌మిస్ట్రెస్, విశ్రాంత)

*

స్టాంటన్ రేవు
ఏప్రిల్ 27

అత్తా, నువ్వు మొద్దువి.

నాకు పడవ మీద కోపం లేదు. ఇదిగో చేత్తో రాస్తున్నాను, చూడు, కోడి కెలికినట్టు ఎలా ఉందో. ఒక్కో వరుసకీ కలం కింద పెట్టి ఆగుతున్నాను. టైపు కొట్టింది అందుకు. రెండు వేళ్ళతో కొట్టొచ్చు, నొప్పి తక్కువ. మార్చి సూదే ఆఖరిది. ఇప్పుడు చేతులు పొద్దున్న బూరెల్లా ఉబ్బుతున్నాయి. మేలో వచ్చి కుంచె పట్టలేక నీ ఎదురుగా నిలబడాలంటే మనసొప్పలేదు.

ఏప్రిల్ సూది కోసం వెళ్ళినప్పుడు మందుల షాపులో హోదాన్ కంప్యూటర్‌లో నా పేరు రెండుసార్లు కొట్టి చూసింది. ఆ అమ్మాయి నీకు తెలీదు, సోమాలియా నుంచి చిన్నప్పుడు వచ్చిన కుటుంబం. నన్ను చూస్తే ముందు తెరచాపల గురించి అడుగుతుంది, తర్వాతే మందుచీటీ.

"లినెట్, కార్డులో డబ్బు అయిపోయింది" అంది.

"అయిపోతే ఏమైంది? నా వంతు ఫిబ్రవరిలోనే తీరిపోయి ఉంటుంది కదా. ఇక బీమా వాళ్ళే కట్టాలి."

"వాళ్ళ లెక్కలో నువ్వు ఒక్క డాలర్ కూడా కట్టలేదని ఉంది."

"మూడు నెలలు ఆరు వేలు వెళ్ళాయిగా!"

"వెళ్ళాయి. తీసుకున్నారు కూడా. కానీ కొత్త నిబంధన ప్రకారం ఆ కార్డు కట్టింది నువ్వు కట్టినట్టు కాదట. నీ నాలుగు వేలూ ఇప్పుడు మొదట్నించి మొదలు."

నా వెనక ఒకాయన దగ్గుమందు సీసా పట్టుకుని నిలబడ్డాడు. ఆయన దారి అడగలేదు, విసుక్కోలేదు. అదే నాకు ఏడుపు తెప్పించింది.

అప్పట్నించి బీమా వాళ్ళకి ఫోన్లు చేస్తున్నాను. అక్కడో అమ్మాయి "మీ ఇబ్బంది అర్థమైందండీ" అంటుంది ప్రతిసారీ. ఆ మాట ఇంకోసారి వింటే ఫోను సముద్రంలో పారేస్తాను.

డాక్టరు వాపు తగ్గే మాత్రలు ఇచ్చాడు, వాటితో నెట్టుకొస్తున్నాను. నువ్వు డబ్బు మాత్రం పంపకు. చెప్తున్నాను, పంపకు.

లినెట్

*

గ్యానెట్ దీవి
మే 6

నా చిట్టితల్లీ,

చెక్కు ఇందులో పెట్టాను. రెండు సూదులకి సరిపోతుంది. పడవ కెల్విన్‌కి ఇచ్చేశాను. చెక్క ముక్క, ఏముంది. నీ చేతులు మీ నాన్న చేసినవి కావూ?

నాతో వాదించకు. సూది వేయించుకో.

అత్త

*

స్టాంటన్ రేవు
మే 14

అత్తా,

నీ చెక్కు వెనక్కి పంపుతున్నాను.

పంపకు అని రాశాను. రెండుసార్లు రాశాను. నువ్వు చదివే మనిషివి కదా! నాన్న పడవ నాది కూడా. నా మాట అడగకుండా నా కోసం నా వస్తువే అమ్మేసి, దానికి నేను నీకు దండం పెట్టాలా? రెండు సూదులు వేయించుకుంటాను సరే, మూడో నెల ఏం అమ్ముతావు? ఇల్లా? కిటికీలా?

నేను ముష్టి అడగలేదు. నాకు రావాల్సింది నా లెక్కలో రాయమన్నాను. ఈ రెంటికీ తేడా ఆ ఫోనులో అమ్మాయికి తెలీదంటే సరే. నీకు తెలీకపోతే నేను ఇంకెవరితో చెప్పుకోను?

పుస్తకం అడిగావు కదా, ఇదిగో. చదువుకో. కాలక్షేపం అవుతుంది.

లినెట్

*

గ్యానెట్ దీవి
జూన్ 2

లినెట్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వన్నది నిజం. నీ దగ్గర అడగాల్సింది. కెల్విన్ దగ్గరికి వెళ్ళి, డబ్బు తీసుకుని పడవ తిరిగి ఇమ్మన్నాను. ఇవ్వనన్నాడు. అప్పుడే ఆకుపచ్చ రంగు వేసేశాడు. ఆకుపచ్చ! నేను ఇంటికొచ్చి తలుపేసుకుని కాసేపు కూర్చున్నాను. దానికి మందు లేదు, ఇక ఆ మాట వదిలేద్దాం.

ఇప్పుడు పుస్తకం. కాలక్షేపం కాలేదమ్మా, ఒళ్ళు మండింది. అరవై ఒకటో పేజీలో ఉంది నీ నిబంధన. దాని పేరు చూశావా? "సభ్యుల పొదుపు రక్షణ పథకం". పొదుపు ఎవరిదో, రక్షణ ఎవరికో రాయలేదు. "తయారీదారుల సాయం సభ్యుని వంతు కింద పరిగణించబడదు." అదీ సంగతి.

ఇలాంటివి కూడదని మన రాష్ట్రంలో చట్టం ఉందని గ్రంథాలయం పిల్ల వెతికి చూపించింది. నేను లేచి గంతేశాను. ఆ పిల్ల కూర్చోమంది. యజమానే సొంత డబ్బుతో నడుపుకునే బీమాకి ఆ చట్టం వర్తించదట. అప్పుడు మళ్ళీ మొదటి పేజీ తిప్పాను. ఏముందో తెలుసా? మీ యార్డు బీమా మీ యార్డుదే. నీ సూదికి డబ్బు పెట్టేది నువ్వు ఫోన్లు చేసే ఆ కంపెనీ కాదు, మీ యజమాని ఆరిన్ టిల్‌బరీ. వాళ్ళు అతని తరఫున కాగితాలు చూసే గుమాస్తాలు మాత్రమే. నువ్వు రెండు నెలలుగా గుమాస్తాని తిడుతున్నావు.

అంటే ఈ పేజీ తీసేయగలిగిన మనిషి నీ తెరచాపల గది పక్క గదిలోనే కూర్చుని ఉన్నాడు.

వెళ్ళి అడుగు. ముష్టి కాదు. నీకు రావాల్సింది.

అత్త

*

స్టాంటన్ రేవు
జూన్ 20

అత్తా,

నీ ఉత్తరం చదివాక నాకు మొదట వచ్చింది ధైర్యం కాదు, కోపం. పదహారేళ్ళు నా చేత కుట్టించుకున్న మనిషి, క్రిస్మస్‌కి ప్రతి ఇంటికీ హామ్ మాంసం పంపే మనిషి, నాకు తెలియకుండా నా మందు ఆపేశాడా అని. వారం రోజులు ఆరిన్ ఎదురొస్తే ముఖం తిప్పుకుని వెళ్ళాను. ఆయన పాపం నా కుట్టుసూదులు మొద్దుబారాయా, కొత్తవి తెప్పించనా అని అడిగాడు.

చివరికి అమోస్ దగ్గర బయటపడ్డాను. తాడు ముడి వెయ్యలేక అతన్ని సాయం అడిగాను, అడుగుతూనే ఏడ్చేశాను. మొత్తం చెప్పాను. అతను తాడు కింద పెట్టి గోడకి ఆనుకున్నాడు.

"మా రూత్‌కి కూడా అదే" అన్నాడు.

అతని భార్యకి నరాల జబ్బు. ఆమె మందుకీ అలాంటి కార్డే ఉండేది, మార్చిలో అయిపోయిందట. ఆదివారాలు కూడా చేపల షెడ్డులో పనికి వెళ్తున్నాడట అప్పట్నించి.

"ఒక్క ముక్క చెప్పలేదేం అమోస్?"

"నువ్వు చెప్పావా?"

ఇద్దరం కలిసి మెల్లగా వాకబు చేస్తే ఇంకో ఇద్దరు తేలారు. ఎనభై మంది ఉన్న యార్డులో నలుగురం, ఒకే పేజీ కింద నలిగిపోతూ, ఒకరికొకరం వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నాం.

సోమవారం భోజనాల వేళ నలుగురం ఆరిన్ గదికి వెళ్ళాం. ఆయన సాండ్‌విచ్ తింటున్నాడు. ఐవీని కూడా పిలవమన్నాను. నువ్వు పేజీలో చీటీ పెట్టి పంపావు చూడు, ఆ పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను.

"ఇదేంటి?" అన్నాడు.

"మీరు సంతకం పెట్టిన పుస్తకం."

చదివాడు. మళ్ళీ చదివాడు. "పొదుపు పథకం అని ఆ కంపెనీ వాళ్ళు చెప్పారే ఐవీ? ఎవరికీ నష్టం లేదన్నారు?"

ఐవీ ముఖం పాలిపోయింది. "ఒక గడి టిక్ పెట్టమన్నారండీ. ఖర్చు తగ్గుతుంది, ఉద్యోగులకి తేడా తెలీదు అన్నారు."

"మాకు తెలిసింది" అన్నాను. నా చేతులు బల్ల మీద పెట్టాను. అలా చెయ్యాలని ముందు అనుకోలేదు. ఆరిన్ వాటిని చూసి సాండ్‌విచ్ పక్కకి నెట్టేశాడు.

"సూదులు మొద్దుబారాయేమో అనుకున్నానే" అన్నాడు.

అమోస్ ఎప్పుడూ మాట్లాడడు కదా, ఆ రోజు మాట్లాడాడు. "మీరు దొంగ అని మేం అనట్లేదు ఆరిన్. మీ జేబులో మా డబ్బు పడింది. చూసుకోండి అంటున్నాం."

ఆరిన్ ఎర్రబడ్డాడు. ఇక అయిపోయింది, నలుగురికీ ఉద్యోగాలు ఊడాయి అనుకున్నాను. ఆయన లేచి మా ముందే ఆ కంపెనీకి ఫోను చేశాడు. పేజీ తీసెయ్యాలన్నాడు. వచ్చే జనవరి నుంచి తీసేస్తాం అన్నారు వాళ్ళు. ఈ జనవరి నుంచి, అన్నాడు ఈయన. కంప్యూటర్ వెనక్కి లెక్క కట్టదన్నారు. "నేను పడవలు కడతానమ్మా, తప్పుగా కొట్టిన మేకు వెనక్కి పీకడం నాకు తెలుసు. మీరు నేర్చుకోండి" అని ఫోను పెట్టేశాడు.

ఇంకా తేలలేదు. కానీ అత్తా, ఆ రాత్రి నేను తిన్నాను. చాలా తిన్నాను.

నీ లినెట్

*

గ్యానెట్ దీవి
జూలై 1

లినెట్,

కాగితం మీద రాయించుకో. మాట ఇచ్చిన మనిషి మంచివాడే కావచ్చు, వాడికి దగ్గు పట్టుకున్నా మాట పోతుంది. తేదీ ఉండాలి, సంతకం ఉండాలి, నకలు నీ దగ్గర ఉండాలి.

ఆ నకలుకి నకలు నాకు పంపు.

అమోస్‌కి నా నమస్కారాలు. రూత్‌కి స్వెటర్ మొదలుపెట్టాను. చేతులు సమానంగా వస్తాయి, నీకేం దిగులక్కర్లేదు.

అత్త

*

స్టాంటన్ రేవు
జూలై 22

అత్తా!

ఇదిగో నకలుకి నకలు. తేదీ ఉంది, సంతకం ఉంది. జనవరి ఒకటి నుంచి కార్డు కట్టిన ప్రతి డాలరూ మా లెక్కలో పడింది. ఐదు వారాలు పట్టింది. ఆ కంపెనీ మూడుసార్లు కాదంది, ఐవీ నాలుగుసార్లు ఫోను చేసింది. నాలుగోసారి "మీ ఇబ్బంది అర్థమైందండీ" అని ఐవీయే వాళ్ళతో అందట.

నిన్న షాపుకి వెళ్తే హోదాన్ కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించింది. "నీ వంతు తీరిపోయింది. అరవై డాలర్లు ఇవ్వు" అంది. అరవై డాలర్లు ఇంత సంతోషంగా ఎవరికీ ఇవ్వలేదు నేను. కారులోనే కూర్చుని సూది వేసుకున్నాను, ఇంటిదాకా ఆగలేక.

అంతా పూర్వంలా అవుతుందని చెప్పను. ఎడమచేతి ఉంగరపు వేలు వంగినది వంగినట్టే ఉంది, అది ఇక తిన్నగా సాగదని డాక్టరు అన్నాడు. నాలుగు నెలలు మందు లేకుండా పోయాయి కదా. పట్టు మార్చుకుని కుట్టడం నేర్చుకుంటున్నాను. అమోస్ ఆదివారం చేపల షెడ్డు మానేసి రూత్‌ని కొండ మీదికి షికారు తీసుకెళ్ళాడు.

ఏడాదికోసారి ఆ పుస్తకం సంతకం కాకముందు చదవడానికి యార్డులో ఒక బృందం వేశారు. నన్నూ అందులో ఉండమన్నారు. మా అత్తకి పంపి చదివించుకోనిస్తేనే ఒప్పుకుంటానన్నాను. ఆరిన్ సరేనన్నాడు.

మేలో అన్న మాటలకి క్షమించు. నువ్వు లేకపోతే నేను ఇంకా గుమాస్తాతోనే పోట్లాడుతూ ఉండేదాన్ని.

నీ లినెట్

*

గ్యానెట్ దీవి
జూలై 30

లినెట్ తల్లీ,

నీ ఉత్తరం పట్టుకుని రేవు దాకా వెళ్ళి కనబడ్డవాళ్ళందరికీ చదివి వినిపించాను. కెల్విన్‌కి కూడా. వాడు కళ్ళు తుడుచుకున్నాడు. పడవ మాత్రం ఇవ్వనన్నాడు.

ఇప్పుడు ఒక మాట. నువ్వూ అమోస్ ఒకరికొకరు చెప్పుకోలేదని రాశావు కదా. అది చదివినప్పట్నించి నాకు గొంతులో ముద్ద దిగట్లేదు.

గుండె డాక్టరు నాకు రక్తం గడ్డకట్టకుండా ఒక మాత్ర రాశాడు, పోయిన శరదృతువులో. రోజుకి రెండు వేసుకోవాలి. ఖరీదు చూసి నేను ఒకటి వేసుకుంటున్నాను. కొన్ని రోజులు అదీ లేదు. నీకున్నలాంటి కార్డు నాకూ ఇవ్వమని ఆ మందు కంపెనీకి రాశాను. నా వయసు వాళ్ళకి ప్రభుత్వ బీమా ఉంటుంది కనుక ఆ కార్డు ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదని మర్యాదగా జవాబు ఇచ్చారు. నేను ఆ మర్యాదని పొయ్యిలో పెట్టి ఊరుకున్నాను.

నీకు ధర్మపన్నాలు చెప్తూ ఇది దాచాను. సిగ్గుగా ఉంది.

అత్త

*

స్టాంటన్ రేవు
ఆగస్టు 2

అత్తా,

ఇవాళే పోస్టులో వేస్తున్నాను, ఈ ఉత్తరం నా కంటే ముందు చేరాలని.

తిట్టను. తిట్టడానికి నాకు నోరు లేదు. ఈ ఉత్తరం అందగానే రెండో మాత్ర వేసుకో, అంతే. హోదాన్‌ని అడిగాను. కార్డు రాకపోయినా, వయసు మళ్ళినవాళ్ళకి మందుల ఖర్చులో ప్రభుత్వం చేసే వేరే సాయం ఉందట. నీకు వచ్చే పింఛనుకి అది దొరకొచ్చంది. దరఖాస్తు ఇచ్చింది, సగం తనే నింపింది. మిగతా సగానికి నీ కాగితాలు కావాలి.

శనివారం పది గంటల పడవకి వస్తున్నాను. ఆరిన్ సోమవారం దాకా సెలవిచ్చాడు. నువ్వు సొరుగుల్లో దాచిన మాత్రల సీసాలన్నీ తీసి బల్ల మీద వరుసగా పెట్టు. నీ బీమా వాళ్ళు పంపిన పుస్తకం కూడా తీసి పెట్టు.

నువ్వు టీ పెట్టు. ఈసారి నేను చదువుతాను.

లినెట్